బొంతకి కూడా కొలతలా?

అరవై ముక్కలు కోశాక పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండూ కలవడం లేదు.

తప్పు నాదే. పాత పెళ్లికార్డుని అయిదంగుళాల చదరంగా కోసి అచ్చుగా పెట్టుకున్నాను. అది మధ్యలో గుడ్డల కింద ఎక్కడో పోయింది. వెతికే ఓపిక లేక, కోసిన ముక్కనే తర్వాతి గుడ్డ మీద పెట్టి గీసుకుంటూ పోయా. సుద్దగీత మందం ప్రతిసారీ కాస్త కాస్త కలిసి, చివరి ముక్క అయిదుంపావు దాటింది!

మూడేళ్లుగా మంచం కింద మూటలో ఉన్న గుడ్డలివి. జాకెట్లు కుట్టగా మిగిలిన మంగళగిరి, పాప గౌన్ల తాలూకు పెడన కలంకారీ, అరచేతులంత పోచంపల్లి ముక్కలు నాలుగు. ఈ పోచంపల్లితో ఒక సుఖం ఉంది. దారానికే ముందు రంగులద్ది నేస్తారు కాబట్టి తిరగా బోర్లా చూసుకునే పని లేదు. పట్టు ముక్కలు మాత్రం పక్కన పెట్టేశా, బొంత ఉతుకులకి అవి తట్టుకోవు.

అమ్మకి ఫోన్ చేసి గోల పెడితే ఒకటే నవ్వు. "బొంతకి కూడా కొలతలేంటే? మీ నానమ్మ ఏనాడన్నా స్కేలు పట్టుకుందా? పాత చీరలు పొరలుగా పరిచి, చిరుగున్న చోట చేతికొచ్చిన ముక్క వేసి కుట్టేసేది."

నిజమే. కానీ నానమ్మది చేతికుట్టు, ఎగుడుదిగుళ్లన్నీ అందులో సర్దుకుపోతాయి. నా మెషిన్ అంత మంచిది కాదు.

కూర్చుని పెద్దవన్నీ మళ్లీ కోశా. లేచి చూస్తే పెళ్లికార్డు దొరికింది. ఇంతసేపూ దాని మీదే కూర్చున్నా.