ఎలక్ట్రిక్ పడిందా లేదా

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో టెక్కెన్ అనే ఫైటింగ్ వీడియో గేమ్ ఆడే మనోళ్లు అందులోని కజూయా క్యారెక్టర్‌ని పట్టుకుంటే ఓ పట్టాన వదలరు. కారణం ‘ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్’ అనే అతని మెరుపు పంచే; ముద్దుగా ‘ఎలక్ట్రిక్’.

ముందుకు నొక్కి వదలాలి, కిందికి, ఆపై ముందు-కింది మూలకి. ఆ మూలా, కుడి పంచ్ బటనూ ఒకే ఫ్రేములో పడాలి. ఫ్రేమ్ అంటే తెరమీద ఒక్క బొమ్మ, సెకనులో 60వ వంతు! పంచ్ ఆలస్యమైతే మామూలు విండ్ గాడ్ ఫిస్ట్ వస్తుంది; అవతలివాడు బ్లాక్ చేశాడా, వాడి జాబ్ (చిన్న వేగమైన పంచ్) తినాల్సిందే. సరిగ్గా పడితే బ్లాక్ చేసినా పైచేయి మనదే.

ఎక్కువమంది తప్పు పంచ్‌లో కాదు, ముందుకు నొక్కాక వేలు పూర్తిగా వదలకపోవడంలో ఉంటుంది. ప్రాక్టీస్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే (మనం నొక్కినవి తెరమీద చూపించేది) పెడితే ఆ తప్పు దొరికిపోతుంది. తెరమీద ఎడమవైపు నిలబడి కుదిరింది కుడివైపు నుంచి కుదరదు, అది వేరే చదువు. ఈజీ క్యారెక్టర్లతో అయితే గెలిస్తేనే కిక్కు. కజూయాతో ఓడిపోతున్నా ఆ మెరుపు ఒక్కటి చాలు. (ప్యాడ్ టకటకలకి పక్క బెడ్డువాడు లేస్తాడు, జాగ్రత్త.)