కోనసీమలో ఖాళీ దొరకాలంటే

మినిమలిస్టు ఫొటో, అంటే చుట్టూ ఖాళీ వదిలి ఒకటి రెండు వస్తువులనే చూపించే ఫొటో, అనగానే చాలామందికి మంచు కప్పిన మైదానమో, ఎడారి తిన్నెలో, ఉత్తరదేశపు సరస్సు ఒడ్డున ఒంటరి చెట్టో గుర్తుకొస్తుంది. ఈ తరహాకు బాగా పేరు తెచ్చినవారిలో ఒకరైన ఇంగ్లండు ఛాయాచిత్రకారుడు మైకేల్ కెన్నా, జపానులోని హొక్కైదో దీవికి చలికాలంలో పదేపదే వెళ్ళి తీసిన నలుపు తెలుపు చదరపు చిత్రాలు చూసినవారికి ఆ అభిప్రాయం ఇంకా బలపడుతుంది. అక్కడ మంచే సగం పని చేసిపెడుతుంది. రోడ్డును, గడ్డిని, బురదను, చెత్తను అన్నిటినీ కప్పేసి, నాలుగు కంచె కర్రలను మాత్రం బయట ఉంచుతుంది. మన గోదావరి డెల్టాలో అటువంటి సాయం ఎవరూ చేయరు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలైన తరువాత ధవళేశ్వరం దిగువన నేల ఊరికే పడి ఉన్నచోటు దాదాపు మిగలలేదు. నీరు ఎక్కినచోట వరి, కాస్త మెరకలో కొబ్బరి, కొబ్బరి నీడలో అరటి, కంద, పసుపు, ఆ మధ్యలో ఒక పెంకుటిల్లు, దాని ముందు కొబ్బరి డొక్కల పోగు, పైన నాలుగు వైపులకూ సాగిపోయే కరెంటు తీగలు. ఈ సీమ అందమంతా నిండుదనంలో ఉంది. ఇక్కడ ఖాళీని ఫొటో తీయబోవడం సంక్రాంతి ముందురోజు రాజమండ్రి స్టేషన్లో ఖాళీ బెంచీ కోసం తిరగడం లాంటిది.

ఫొటోలు తీసేవారు సాధారణంగా కరెంటు తీగలను తిట్టుకుంటారు గాని, నా లెక్కలో ఇక్కడి పెద్ద ఇబ్బంది కొబ్బరిచెట్టే. ఏ గట్టు మీద నిలబడి ఏ దిక్కుకు చూసినా, నేలా ఆకాశమూ కలిసేచోట కొబ్బరి తలల వరుస ఎగుడుదిగుడుగా, నల్లగా, ఫ్రేము ఈ చివరినుంచి ఆ చివరిదాకా సాగిపోతుంది. పోస్టుకార్డు ఫొటోకు అది అందమే. ఒకే వస్తువు మీద చూపు నిలపాలనుకున్న ఫొటోకు మాత్రం అది ప్రాణాంతకం, ఎందుకంటే మనం ఎంచుకున్న పడవ ఎంత ముచ్చటగా ఉన్నా, పడవవాడి తలా చేతిలోని గెడా ఆ నల్లని వరుసను తాకిన క్షణమే రెండూ కలిసిపోయి, చూపరికి మనిషి కనపడకుండా పోతాడు. జపాను ఛాయాచిత్రకారుడు హిరోషి సుగిమోతో 1980లో మొదలుపెట్టిన సముద్ర చిత్రాలలో సగం నీరు, సగం ఆకాశం తప్ప మరేమీ ఉండదు. ఆ రెండింటి మధ్య గీత అంత శుభ్రంగా ఉండబట్టే అవి అన్నేళ్ళుగా నిలబడ్డాయి. మన దగ్గర అటువంటి గీత కావాలంటే గోదావరి పాయల్లో వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేదికో, వైనతేయ కలిసే ఓడలరేవుకో పోవాలి, లేదా యానాం దగ్గర గౌతమి బాగా వెడల్పయ్యేచోట, అవతలి ఒడ్డు పొగమంచులో కరిగిపోయిన ఉదయం కోసం ఎదురుచూడాలి.

దానికంటే సులువైన మార్గం ఒకటి ఉంది. గీతనే ఫ్రేములోనుంచి తీసేయడం. డెల్టా అంతా చదునైన నేలే అయినా, వరదను ఆపడానికి కట్టిన ఏటిగట్లు చేలకంటే బాగా ఎత్తులో ఉంటాయి. వాటి మీద నిలబడి, కొంచెం పొడవైన లెన్సు పెట్టి, కెమెరాను కిందికి వంచితే ఆకాశమూ కొబ్బరీ రెండూ ఫ్రేము బయటికి పోయి, చేలో నీరు మాత్రమే మిగులుతుంది. చించినాడ వంతెన మీదనుంచి వశిష్ఠను, ఎదుర్లంక వంతెన మీదనుంచి గౌతమిని చూసినా ఇదే లాభం. కాకపోతే వంతెన మీద లారీ వెళ్ళినప్పుడల్లా ట్రైపాడ్ వణుకుతుంది గనుక షట్టర్ వేగం తగ్గించడానికి వీలుండదు.

దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, దమ్ము చేసి, నీరు పెట్టి, ఇంకా ఊడ్పులు మొదలుకాని చేను ఈ పనికి అన్నిటికంటే మంచిది. డిసెంబరు, జనవరి నెలల్లో కొద్దిరోజులే ఆ అవకాశం. ఊడ్చిన తరువాత పైరు తిప్పుకుని పచ్చబడిందంటే అద్దం పోయినట్టే. ఊడ్పులకు ముందు నారు కట్టలను చేనంతా అక్కడక్కడ విసిరి పెడతారు. కట్ట పడగానే నీరు గుండ్రంగా కదిలి, కాసేపటికి సర్దుకుంటుంది. అప్పుడు చూస్తే ఆ కట్ట నిటారుగానో, ఒక పక్కకు ఒరిగో, వేళ్ళకు అంటిన నల్లమట్టి నీటిలో కొద్దిగా కరుగుతూ, తన నీడతో కలిసి ఒకే ఆకారంగా కనిపిస్తుంది. లేత ఆకుపచ్చ తప్ప ఫ్రేములో మరో రంగు ఉండదు. ఇంతకంటే తేటగా ఒక వస్తువు దొరకడం ఈ ప్రాంతంలో కష్టం. అలా ఒక కట్ట కోసం నేను గట్టు మీద కాచుకుని ఉండగా ఆ చేను రైతు దగ్గరికొచ్చి, "ఏటండీ, ఒక్క కట్ట కోసం ఇంతసేపా? ఇటొత్తే బోలెడున్నాయండి, ఆయ్" అన్నారు. బోలెడు ఉండటమే ఇబ్బందని చెబితే నవ్వి, నా ఫ్రేముకు అడ్డం రాకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు.

అయితే ఖాళీ దొరికినంతమాత్రాన ఫొటో అయిపోదు. ఈ తరహాలో వచ్చే ఫొటోల్లో చాలావాటికి ఉన్న లోపం ఇదే. తీసేయవలసినవన్నీ తీసేశారు గాని, మిగిలినదానికి చేయవలసిన పనేమిటో చెప్పలేదు. నిండు ఫొటోలో ఒక మూల బాగులేకపోతే కన్ను ఇంకో మూలకు పోతుంది. ఇక్కడ పోవడానికి చోటు లేదు. కాబట్టి ఆ ఒక్క వస్తువూ అంచునుంచి ఎంత దూరంలో ఉంది, ఎటు మొగ్గింది, ఫ్రేములో ఎంత భాగం ఆక్రమించింది అన్న మూడు సంగతులే ఫొటో బతుకును తేలుస్తాయి. పాటు సమయంలో నది తగ్గినప్పుడు, ఒడ్డున వల కట్టడానికి పాతిన గుంజలు బురదలో వరుసగా బయటపడతాయి. అన్నీ నిటారుగా, సమాన దూరంలో ఉన్న వరుసను తీస్తే అది నమూనా అవుతుంది, చూసి మరిచిపోతాం. వరుసలో ఒకటి ఒరిగినా, ఒకటి ఊడిపోయి ఖాళీ ఏర్పడినా అక్కడ కన్ను ఆగుతుంది, ఏమైందో అనుకుంటుంది. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా ఉండటానికి అడ్డంగా, నిలువుగా సన్నని దారాలు కడతారు. మబ్బు పట్టిన రోజు చెరువూ ఆకాశమూ ఒకే తెలుపులోకి మారినప్పుడు ఆ దారాలు గీతల నోటుపుస్తకంలా కనిపించవచ్చు గాని, ఫొటో అయ్యేది ఆ దారం మీదే లకుముకి పిట్ట వచ్చి కూర్చున్నప్పుడు. వద్దన్న చోటే కూర్చుంది గనుక. పిట్ట లేని ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి, అన్నీ శుభ్రమైనవే, ఒకటీ ఎవరికీ చూపించాలనిపించదు.

పొగమంచు మీద నాకు కొంత అనుమానం ఉంది. భోగికి అటూ ఇటూ వచ్చే మంచులో ఏది తీసినా మినిమలిస్టుగానే కనిపిస్తుంది. తాటిచెట్టు, ఏరు దాటించే పంటు, సైకిలు మీద వెళ్ళే మనిషి, అన్నీ ఒకే బూడిదరంగు చిత్రాలవుతాయి. అందరి ఫొటోలూ ఒకేలా ఉండటానికి అదే కారణం. మంచు తీసేసినది ఎక్కువ, ఫొటో తీసినవాడు ఎంచుకున్నది తక్కువ. ఏమైనా తీయదలిస్తే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు కనిపించినదాన్నంతా మధ్యరకపు బూడిదరంగుగా లెక్కకట్టి వెలుతురును తగ్గిస్తుంది గనుక, మంచు మంచులా తెల్లగా రావాలంటే ఎక్స్‌పోజర్ను ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు), అవసరమైతే ఒకటిన్నర పెంచాలి. ముదురుపచ్చని చేలో తెల్లకొంగ నిలబడితే దీనికి సరిగ్గా వ్యతిరేకం. తగ్గించకపోతే ఈకల గీతలన్నీ చెరిగిపోయి కొంగ స్థానంలో తెల్లని చిల్లు మిగులుతుంది. మంచులో ఆటోఫోకస్ కూడా పట్టుకోదు, ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. గుంజ అంచు మీద చేత్తో ఫోకస్ చేసుకోవడమే మంచిది.

నదిని మెత్తగా చూపించడానికి ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచే పద్ధతి ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చింది. లెన్సు ముందు పెట్టే నల్లద్దం లాంటి పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు వెలుతురును వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. సెకనులో ముప్పయ్యో వంతులో రావలసిన ఫొటోకు అరనిమిషం పైగా పడుతుంది. అంతసేపట్లో అలలు చదునైపోయి, గుంజలు మాత్రం కదలకుండా నిలబడతాయి. ధవళేశ్వరం బరాజు ఎగువన నిలిచిన నీటికి ఇది బాగా కుదురుతుంది. దిగువ పాయల్లో మాత్రం రెండు చిక్కులున్నాయి. కట్టేసి ఉన్న నావ కూడా ఊగుతూనే ఉంటుంది గనుక నీరు మెత్తబడి నావ చెదిరిపోతుంది. రెండోది గుర్రపుడెక్క. ఆ అరనిమిషంలో ఒక్క తెప్ప కొట్టుకొచ్చినా ఫ్రేముకు అడ్డంగా ఆకుపచ్చ చార పడుతుంది. అది కొన్నిసార్లు బాగానే ఉంటుంది, నేనైతే ఒప్పుకోను గాని.

వరదల సంగతి వేరు. జూలై, ఆగస్టు నెలల్లో ఎర్రనీరు దిగినప్పుడు పైన ఒకే మబ్బు, కింద ఒకే ఎరుపు, మధ్యలో మునిగిన లంకలోనుంచి పైకి తేలిన నాలుగు కొబ్బరి తలలు. ఈ డెల్టాలో ఖాళీ తనంతట తానే దొరికే సమయం అదొక్కటే. 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు అటువంటి ఫొటోలు చాలా తిరిగాయి, కొన్ని నిజంగానే కట్టిపడేసేంత బాగున్నాయి. నేను మాత్రం వాటిని తీయను. ఆ నాలుగు తలలు ఎవరి తోటవో, కింద మునిగిన పాక ఎవరిదో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. అదంతా తీసివేసి మిగిలినదాన్ని ప్రశాంతత అని పేరు పెట్టి పంచడం నాకు మింగుడుపడదు. వార్త కోసం తీసేవారి పని వేరు, వారు మనుషులను కూడా తీస్తారు.

ఇంటికి వచ్చాక పని చిన్నదేమీ కాదు. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్-16 దగ్గర తీసిన తెల్లని ఆకాశంలో సెన్సరు మీది ప్రతి దుమ్ముకణమూ మచ్చగా కనిపిస్తుంది. కోతల రోజుల్లో చేల పక్కన లెన్సు మార్చినవారికి ఈ మచ్చలు పండగే. ఎనిమిది బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి గనుక, తెలుపునుంచి బూడిదకు నెమ్మదిగా మారే ఆకాశాన్ని ఎక్కువగా సవరిస్తే చారలు చారలుగా విడిపోతుంది. కెమెరా కుదించకుండా దాచే రా ఫైలుగా తీసుకుంటే ఆ బాధ చాలామటుకు తగ్గుతుంది. ఫొటోను ఫోనులో బొటనవేలి గోరంత చేసి చూడటం నాకు అలవాటు. అంత చిన్నదయ్యాక కూడా చూపు ఎక్కడికి పోవాలో తెలుస్తుంటే ఉంచుతాను, లేకపోతే తీసేస్తాను.

ఇక తీగలు చెరపడం. ఇప్పుడు ఫోనులోనే వేలితో రాస్తే తీగ మాయమవుతుంది గనుక, ఇంత అవస్థ ఎందుకని కుర్రాళ్ళు అడుగుతున్నారు. దుమ్ము మచ్చ చెరపడానికి నాకు అభ్యంతరం లేదు, అది గోదావరిది కాదు, నా కెమెరాది. తీగ మాత్రం అక్కడిదే. అది అడ్డమైనప్పుడు నాలుగడుగులు పక్కకు జరిగితేనో, గట్టు దిగితేనో ఇంకో కోణం దొరుకుతుంది. సగం సందర్భాల్లో ముందు అనుకున్నదానికంటే అదే మంచి కోణం అవుతుంది. వేలితో చెరిపేసేవారికి ఆ రెండో కోణం ఎప్పటికీ కనిపించదు. పైగా ఆ పని కూడా సరిగ్గా చేయరు. ఒక పోటీ ప్రదర్శనలో కాలువ మీద ఒంటరి పడవ ఫొటో చూశాను. ఆకాశంలో తీగలన్నీ శుభ్రంగా తుడిచేశారు, నీటిలో వాటి నీడలు అలాగే ఉన్నాయి. దానికి బహుమతి కూడా వచ్చింది.