పాత జామీను, కొత్త వ్యాను: నా అనుభవం

నల్లగొండ జిల్లా పాఠశాలల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి, 2024 చివర పదవీ విరమణ చేసిన తర్వాత నేను తలపెట్టిన మొదటి పెద్ద ఖర్చు ఒక వ్యాను. లోపల మంచం, చిన్న వంటగట్టు, కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి ఉండేలా బాడీ కట్టించుకోవాలని నా ఆలోచన. కారవాన్ అంటే మన వైపు అందరికీ వెంటనే అర్థమవుతుంది, అది సినిమా షూటింగుల పుణ్యం. “ఏ సినిమాల చేస్తున్నవ్ బావా” అని బామ్మర్దులు నవ్వారు. నా భార్యకు రెండు మోకాళ్లూ వంగవు. శ్రీశైలం వెళ్లాలన్నా, అలంపురం వెళ్లాలన్నా ఆమెకు దూరాభారం గురించి దిగులు లేదు, దారిలో ఉండే మరుగుదొడ్ల గురించే దిగులంతా. ఒకసారి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం బయలుదేరి, మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. పులుల అడవి కాబట్టి ఆ వేళ దాటాక గేటు వేసేస్తారు, మళ్లీ ఉదయం ఆరింటికే తీస్తారు. ఆ రాత్రంతా కారులో కాళ్లు చాపుకునే వీలు లేక ఆమె పడిన అవస్థ చూసినప్పుడే ఈ వ్యాను ఆలోచన పుట్టింది.

వ్యాను ఆన్‌రోడ్ ధర 17 లక్షలు, బాడీకి మరో 7 లక్షలు. 12 లక్షలు అప్పు తీసుకుని మిగిలింది చేతి డబ్బుతో సర్దుకుందామని లెక్క వేసుకుని షోరూంకి వెళ్లాను. అక్కడి సేల్స్ కుర్రవాడు నా పెన్షన్ కాగితం చూడగానే “మీది గవర్నమెంట్ పెన్షన్ గద సార్, లోన్ ఎంతసేపు, రేపే అప్రూవల్ వస్తది” అన్నాడు. 25,000 రూపాయలు బుకింగ్ కట్టాను. ఫైనాన్స్ కౌంటర్‌లో ఆధార్, పాన్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పెన్షన్ ఉత్తర్వు ఇచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. జీవితమంతా పిల్లలకు “ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండి” అని చెప్పిన మనిషిని, అక్కడ మాత్రం ఒక్క కాగితమూ పూర్తిగా చదవలేదు.

మూడో రోజు ఫోను వచ్చింది. ఫైలు రిజెక్ట్ అయిందని, సిబిల్ సమస్య అని, అంటే అప్పులు తీర్చిన తీరును బట్టి వేసే స్కోరులో ఏదో తేడా ఉందని చెప్పారు. సమస్య ఏమిటని అడిగితే, అది సిస్టంలో వస్తుంది, తమకు తెలియదు అన్నారు. కారణం కాగితం మీద ఇవ్వమంటే షోరూం వాళ్లు అట్లాంటిది తమ దగ్గర ఉండదన్నారు. ఒక విధంగా అది నిజమే. అప్పు ఇచ్చేదీ, కాదనేదీ షోరూం కాదు. వాళ్లు ఫైలును ఆయా బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ చేరవేసే మధ్యవర్తులు మాత్రమే. రుణం నిరాకరిస్తే ముఖ్యమైన కారణాన్ని దరఖాస్తుదారుకు రాతపూర్వకంగా తెలపాలని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. కాని ఏ బ్యాంకు కాదన్నదో తెలియకపోతే ఎవరిని అడగాలి? ఆ పేరు కనుక్కోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. తీరా తెలిసిందేమిటంటే, నా ఫైలు ఒక చోటికి కాదు, నాలుగు చోట్లకు వెళ్లింది. నేను చదవకుండా పెట్టిన సంతకాలలో అందుకు ఒప్పుకోలు కూడా ఉంది.

వారం తిరగకముందే అదే కుర్రవాడు ఇంకో దారి చూపించాడు. ఒక కంపెనీ ఉందని, సిబిల్ పెద్దగా పట్టించుకోదని, వడ్డీ తొమ్మిది శాతమేనని చెప్పి, నెలకు 29,000 చొప్పున ఐదేళ్లు అని ఒక కొటేషన్ చేతిలో పెట్టాడు. ఊళ్లో లెక్క ప్రకారం తొమ్మిది శాతం అంటే ముప్పావలా వడ్డీ. అంత చవకగా అప్పు పుడితే ఎవరు కాదంటారు? కాని ఆ 29,000 నా కంటికి నచ్చలేదు. కొటేషన్ వెనక్కి తిప్పి అక్కడే బల్ల మీద లెక్క వేశాను. 12 లక్షల మీద ఏడాదికి తొమ్మిది శాతం అంటే 1,08,000. ఐదేళ్లకు 5,40,000. అసలుతో కలిపి 17,40,000. దాన్ని అరవైతో భాగిస్తే సరిగ్గా 29,000. అంటే నేను ప్రతి నెలా అసలు తీరుస్తూ పోతున్నా, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొదటి రోజు తీసుకున్న 12 లక్షల మీదనే కడుతూ ఉంటాను. నాలుగేళ్లు గడిచేసరికి వాళ్ల లెక్క ప్రకారమే అసలులో మిగిలేది 2,40,000. ఐదో ఏడు కూడా వడ్డీ 1,08,000 తగ్గదు. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. బ్యాంకులు చెప్పే తగ్గే బాకీ పద్ధతిలోకి, అంటే మిగిలిన అసలు మీదనే వడ్డీ వేసే లెక్కలోకి మారిస్తే ఇది దాదాపు 15.7 శాతం, అంటే ముప్పావలా కాదు, రూపాయి ముప్పై పైసలు. పైగా ప్రాసెసింగ్ ఫీజు, లోనుకు బీమా అంటూ ముందే పట్టుకునేవి వేరే ఉన్నాయి.

“ఈ లోనుకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వండి, అందులో ఏడాదికి మొత్తం వడ్డీ భారం ఎంతో చూస్తాను” అన్నాను. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ రుణాలన్నింటికీ, ఫీజులన్నీ కలిపి వార్షిక భారం ఎంతో చూపే ఆ కాగితం ముందుగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ కుర్రవాడు ఆ మాట వినడం అదే మొదటిసారి అనుకుంటాను, లోపలికి వెళ్లి చాలాసేపటికి వచ్చి, సంతకం రోజున ఇస్తారట అన్నాడు. నేను లేచి వచ్చేశాను. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ ఈ లెక్క నేర్పలేదు, నేర్పితే అమ్మకం జరగదు.

ఇంటికి వచ్చాక, ఆ సిబిల్ సమస్య ఏమిటో నేనే చూసుకుందామని కూర్చున్నాను. మన దేశంలో రుణ చరిత్రలు నమోదు చేసే కంపెనీలు నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. ప్రతి కంపెనీ నుంచీ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు 2017 నుంచి మనకు ఉంది. మన నివేదిక మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్పు కోసం బ్యాంకు చూస్తే మాత్రం ఎంక్వైరీగా నమోదవుతుంది. నా స్కోరు 641. 300 నుంచి 900 వరకు ఉండే కొలమానంలో అది బాగా తక్కువ. రెండు రోజుల్లో నాలుగు ఎంక్వైరీలు కనిపించాయి, అవి షోరూం చలవ. అసలు గొడవ మాత్రం ఆ పైన ఉంది. ఒక ఖాతా ఎదురుగా గ్యారంటర్ అని, 180 రోజులకు పైగా బాకీ అని ఉంది.

నేను జీవితంలో ఇంటి లోను తప్ప అప్పు చేయలేదు, అదీ ఎప్పుడో తీర్చేశాను. ఖాతా తెరిచిన ఏడు చూశాక గుర్తొచ్చింది. 2016లో నాతో పాటు ఒకే బడిలో పనిచేసిన తమ్ముడివంటి మాస్టారు ఇల్లు బాగు చేయించుకోవడానికి బ్యాంకులో అప్పు తీసుకుంటూ జామీను సంతకం అడిగాడు. మా ఉపాధ్యాయుల్లో ఒకరి చిట్టీకి ఇంకొకరు, ఒకరి లోనుకు ఇంకొకరు సంతకం పెట్టడం టీ తాగినంత మామూలు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానమని స్టాఫ్‌రూంలో ఎవరికి తెలుసు? ఆ మాస్టారు 2021లో కరోనా రెండో విడతలో పోయాడు. అప్పు సంగతి ఆ దుఃఖంలో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

దేవరకొండ వైపు ఉన్న వాళ్ల ఊరికి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. నాలుగేళ్ల తర్వాత కాగితాల కోసం వచ్చాడనుకుంటారేమోనని బస్సులో కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. మాస్టారి భార్య నన్ను చూడగానే నీళ్లిచ్చి, అడగకుండానే బియ్యం కడగబోయింది. విషయం చెప్పాను. “మీ సంతకానికి మీకేమన్న అయిందా అన్నా?” అని ఆమె ముఖం వాడిపోయింది. “ఏం కాలేదు చెల్లె, ఒక కాయితం ఉంటే సాలు” అన్నాను. ఆమె మంచం కింది నుంచి ఒక బిస్కెట్ డబ్బా తీసింది. దాంట్లో మాస్టారి మరణ ధ్రువపత్రం, సర్వీసు కాగితాలు, పిల్లల మార్కుల మెమోలు, వాటి మధ్య ప్లాస్టిక్ కవరులో భద్రంగా మడతపెట్టిన బ్యాంకు ఉత్తరం. 2022 నవంబరులో, ఆయన సర్వీసు తాలూకు డబ్బు చేతికి రాగానే మొత్తం బాకీ కట్టేశామని, ఇక ఏమీ లేదని బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ పత్రం. ఆ డబ్బుతో కూతురి చదువు చూసుకోవాలని అందరూ చెబితే, “సార్ సంతకం ఉన్నది, ముందుగాల అది తీర్చాలె” అని తానే పట్టుబట్టానని ఆమె చెప్పింది. అన్నం తినకుండా కదలనివ్వలేదు.

అంటే అప్పు తీరింది, బ్యాంకు పుస్తకంలో కూడా తీరింది, రుణ చరిత్రలో మాత్రం రెండేళ్లకు పైగా అట్లాగే మిగిలిపోయింది. ఆ పత్రం నకలు జతచేసి బ్యాంకు శాఖలో ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాను. అదే రోజు రుణ సమాచార కంపెనీ వెబ్‌సైటులో అభ్యంతరం నమోదు చేశాను. శాఖ మేనేజరు మొదట ఇది హెడ్డాఫీసు పని అన్నాడు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ పైన ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ ఫిర్యాదుదారుకు 100 రూపాయలు పరిహారం చెల్లించాలని, ఆ 30 రోజుల్లో బ్యాంకు సరిచేసిన సమాచారాన్ని 21 రోజుల్లోనే రుణ సమాచార కంపెనీకి పంపాలని 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనను నేను ఉత్తరంలోనే రాశాను. అది చదివాక ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ఖాతా నంబరు అడిగాడు. అప్పటికీ కాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, రాద్దామని కాగితాలు సిద్ధం చేసుకున్నాను కాని, ఆ అవసరం రాలేదు. ఇరవై నాలుగో రోజున ఖాతా ముగిసినట్టు మారింది. తర్వాతి నెలలో చూస్తే స్కోరు 738. ఎంక్వైరీలు నాలుగూ అట్లాగే ఉన్నాయి. అవి చెరిగేవి కావు, పాతబడేవి.

ఈలోగా బుకింగ్ డబ్బు గొడవ ఒకటి నడిచింది. క్యాన్సిలేషన్ కింద 5,000 పట్టుకుంటామన్నారు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో, రుణం మంజూరు కాకపోతే పూర్తిగా తిరిగి ఇస్తామని వాళ్లే రాసుకున్నారు. ఈసారి నేను చదివాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నానని చెప్పిన వారానికి మొత్తం ఖాతాలో పడింది.

ఆ తర్వాత నేను షోరూం ద్వారా కాకుండా నా పెన్షన్ పడే బ్యాంకుకే, క్లాక్ టవర్ దగ్గరి శాఖకు, నేరుగా వెళ్లాను. ఇక్కడ చిక్కు స్కోరులో లేదు, వ్యానులో ఉంది. ఫీల్డ్ ఆఫీసరు నాతో చాలా మర్యాదగా, కాని సూటిగా మాట్లాడాడు. వాళ్ల పట్టికలో కారు ఉంది, టాక్సీ ఉంది, లారీ ఉంది. లోపల మంచం ఉన్న బండి లేదు. బాడీ కట్టేవాడి కొటేషన్ మీద అప్పు ఇవ్వలేమని, రేపు బండిని అమ్మాల్సి వస్తే ఆ మంచానికీ మరుగుదొడ్డికీ వెల కట్టేవారెవరని అడిగాడు. ఆలోచిస్తే ఆ మాట న్యాయమే. మొదట షోరూంలో నేను ఇచ్చిన దరఖాస్తులో 12 లక్షలు దేనికో సరిగా చెప్పకుండా బాడీ కొటేషన్ కూడా కలిపి పెట్టాను. స్కోరు బాగున్నా ఆ ఫైలు ఎవరైనా వెనక్కి పంపేవారేమో.

కాబట్టి రెండింటినీ విడదీశాం. కంపెనీ ముందుగా ఇచ్చే ధర పత్రం, ప్రొఫార్మా ఇన్‌వాయిస్ మీద వ్యానుకు మాత్రమే 12 లక్షలు, ఐదేళ్లకు, తగ్గే బాకీ మీద 9.5 శాతం. నెలకు 25,200 వస్తుంది. షోరూం వాళ్ల ముప్పావలా వడ్డీ కంటే 3,800 తక్కువ, ఐదేళ్లలో 2,28,000 తేడా. బాడీ ఖర్చు నా డబ్బే. బాడీ మార్చే ముందు తమ అనుమతి తీసుకోవాలని, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రవాణా కార్యాలయం ఆమోదం లేకుండా ఏ మార్పూ చేయించకూడదని, పూర్తయ్యాక బీమాలో కొత్త విలువ చూపాలని మంజూరు ఉత్తరంలో రాసి ఇచ్చారు. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాను అనేది కేంద్రం 2004లో ప్రకటించిన రవాణాయేతర వాహనాల జాబితాలో ఉంది కనుక, పర్మిట్ల తలనొప్పి లేదని కూడా ఆ ఆఫీసరే వెతికి చెప్పాడు. ఈసారి మంజూరు పత్రం, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇంటికి తెచ్చుకుని, ఒక పూటంతా చదివి, మరునాడు సంతకం పెట్టాను. జామీను ఎవరిదైనా కావాలా అని భయపడుతూ అడిగాను. పెన్షన్ ఖాతా తమ దగ్గరే ఉంది కాబట్టి అక్కరలేదన్నారు. నాకు కొండంత బరువు దిగింది.

సరిచేసిన నివేదిక నకలు ఒకటి దేవరకొండకు పంపాను, డబ్బాలో ఆ ఉత్తరం పక్కన పెట్టుకోమని. వ్యాను ఆర్‌సీ నా పేరు మీద, అప్పు తీరేదాకా బండి బ్యాంకు తాకట్టులో ఉన్నట్టు చూపే హైపోథికేషన్‌తో వచ్చింది. అనుమతులు వచ్చాక బండిని హైదరాబాద్‌లో బాడీ కట్టేవారి షెడ్డులో వదిలాం. పోయిన వారం నా భార్యను తీసుకుని చూడటానికి వెళ్లాను. ఇనుప చట్రాల మధ్య మరుగుదొడ్డి సీటు ఇంకా బిగించలేదు, చెక్క మీద పెట్టి ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కి, దాని మీద కూర్చుని లేచి చూసి, ఇంకో రెండంగుళాలు ఎత్తు పెట్టమని మేస్త్రీకి చెప్పింది. అతను చెవి సందులో నుంచి పెన్సిలు తీసి గోడ రేకు మీద గీత గీశాడు.