ఒలింపియాడ్ మార్కుకు విలువ ఎక్కడ: నా అనుభవం

2023లో నేను గుంటూరులో జూనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతూ, ఐఓక్యూఎం, అంటే గణిత ఒలింపియాడ్ తొలి దశ పరీక్ష, రాయడానికి ఒక ఆదివారం అనుమతి అడిగినప్పుడు, మా క్యాంపస్ ఇన్‌ఛార్జి సార్ నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "దీనివల్ల జేఈఈలో ఎన్ని మార్కులు కలుస్తాయమ్మా?" ఒక్కటీ కలవదని చెప్పాను. ఆ రోజు వీకెండ్ టెస్టు ఉంది. మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. ఆయన పని మానుకుని వచ్చి, టెస్టు పోయినా మాకు అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టిన తరువాతే ఔట్‌పాస్ చేతికి వచ్చింది.

ఆ ప్రశ్న అడిగినందుకు సార్‌ను నేను తప్పు పట్టను. ఒలింపియాడ్ మార్కు కళాశాల ప్రవేశానికి ఎంత ఉపయోగపడుతుందో ఆనాడు మా ఇంట్లోనూ ఎవరికీ తెలియదు. నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ఐఓక్యూఎంలో మూడు గంటల్లో ముప్పై ప్రశ్నలు, మొత్తం వంద మార్కులు. ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు పూర్ణాంకమే కాబట్టి ఓఎంఆర్ షీటు మీద రెండంకెలు దిద్దితే చాలు, తప్పుకు కోత లేదు. నాకు 64 వచ్చాయి. ఇంతవరకు మా ఐఐటీ బ్యాచ్ అలవాట్లతోనే నెట్టుకురాగలిగాను. ఆ తరువాతి ప్రాంతీయ దశ అయిన ఆర్‌ఎంఓలో మాత్రం ఆరే ప్రశ్నలు, మూడు గంటలు, చుట్టూ తెల్ల కాగితాలు.

అక్కడ నాకు ఎదురైన ఇబ్బందిని ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. ఏ పూర్ణసంఖ్య n తీసుకున్నా, దాని ఐదో ఘాతం నుంచి n తీసివేస్తే వచ్చేది 30తో నిశ్శేషంగా భాగించబడుతుందని చూపమన్నారనుకోండి. నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఉంటే నేను 2 వేసి చూస్తాను, 30 వస్తుంది. 3 వేసి చూస్తాను, 240 వస్తుంది. జవాబు గుర్తుపెట్టి ముందుకు వెళ్తాను. ఆర్‌ఎంఓలో ఆ రెండు విలువలకు ఒక్క మార్కూ రాదు. అందులో n−1, n, n+1 అనే మూడు వరుస సంఖ్యల లబ్ధం కారణాంకంగా ఉందని, అందువల్ల 6తో భాగించబడుతుందని చెప్పాలి. మిగిలిన n²+1ను n²−4కు 5 కలిపినట్టుగా విడదీసి, ఒక భాగంలో ఐదు వరుస సంఖ్యల లబ్ధం, రెండో భాగంలో 5 కనిపించేలా చేసి, కనుక మొత్తం 5తోనూ భాగించబడుతుందని ముగించాలి. ఇది తేలికైన లెక్కే. కానీ "కనుక" అన్న మాటకు ముందు ఏం రాయాలో నాకు పదో తరగతి దాటాక ఎవరూ నేర్పలేదు. మా పాత హైస్కూలు లెక్కల మాస్టారు సాయంత్రాలు నా కాగితాలు తీసుకుని, ఎక్కడ కారణం చెప్పకుండా దూకానో అక్కడల్లా ఎర్ర సిరాతో "ఎందుకు?" అని రాసి ఇచ్చేవారు. నాకు దక్కిన అసలైన శిక్షణ అదే.

ఆర్‌ఎంఓ గట్టెక్కాను. 2024 జనవరిలో జాతీయ దశ అయిన ఐఎన్‌ఎంఓ రాశాను: ఆరు ప్రశ్నలు, నాలుగున్నర గంటలు. రెండు పూర్తిగా, ఒకటి సగం చేశాను. నెగ్గినవారి జాబితాలో నా పేరు లేదు. సీనియర్ ఇంటర్‌లో మళ్లీ ప్రయత్నించాలనుకున్నాను గాని, పన్నెండో తరగతి వారికి విడిగా ఉండే కోటా చిన్నది, పైగా ఈసారి ఔట్‌పాస్ రానే లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ తరువాతే నేను ఒక్కొక్క సంస్థ ప్రకటన కూర్చుని చదివాను. తేలింది ఏమిటంటే, మన దేశంలో ఈ మెట్లలో విలువంతా ఒక్క గీత దగ్గరే ఉంది. ఐఎన్‌ఎంఓ నెగ్గినవారికి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశపరీక్ష లేకుండానే సీటు ఇస్తుంది, అయితే గడువులోగా దరఖాస్తు చేసి ఉండాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారికి రాతపరీక్ష మినహాయించి నేరుగా ఇంటర్వ్యూకు పిలుస్తుంది. ఐఐటీ బాంబేలో గణితం బీఎస్‌కు ఒలింపియాడ్ శిక్షణ శిబిరానికి ఎంపికైనవారికి వేరే దారి ఉంది. 2025–26 నుంచి ఐఐటీ కాన్పూర్, ఐఐటీ మద్రాస్ కూడా ఒలింపియాడ్ దారి తెరిచాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకీ ఇలాంటి పద్ధతి ఉంది. నా 64కు, నా ఆర్‌ఎంఓకు మాత్రం వీటిలో ఎక్కడా ప్రత్యేకమైన దారి నాకు కనబడలేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకులో ఒలింపియాడ్ మార్కు దేనికీ చోటు లేదు.

డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఇది విని ఆశ్చర్యపోయాడు. అక్కడి గణిత పోటీల్లో మొదటిదైన ఏఎంసీ 12 పరీక్ష 150 మార్కులకు ఉంటుందట, దానిలో పైన నిలిచినవారికి తరువాతి మెట్టుగా పదిహేను ప్రశ్నల ఏఐఎంఈ ఉంటుందట. ఎంఐటీ వంటి విద్యాలయం దరఖాస్తులోనే ఆ మార్కులు చెప్పుకునే వీలు ఇస్తుంది. అయితే ఇంత వస్తే సీటు అనే హామీ లేదు, పిల్లవాడి మిగతా చదువు, వ్యాసాలు, ఉపాధ్యాయుల ఉత్తరాలతో కలిపి చూస్తారు. మన పద్ధతిలో గీత దాటితే గేటు తెరుచుకుంటుంది, దాటకపోతే అడిగేవారే ఉండరు. నా వంటివారికి ఇది కఠినమే. అయినా మా నాన్నగారిలాంటి వారు నియమం చదివి అర్థం చేసుకోగల పద్ధతి ఇదేనని నాకు అనిపిస్తుంది.

చెన్నై సంస్థకు, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రవేశపరీక్ష ద్వారానే వెళ్లాలనుకున్నాను. నాన్నగారిని ఒప్పించడం మరో ఘట్టం. "ఇంజనీరింగు కాకుండా లెక్కల డిగ్రీ ఏమిటమ్మా" అన్నారు. నూజివీడులో, నందిగామలో బడికి వెళ్లిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సుమారు నాలుగు దశాబ్దాలు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారని మాస్టారే ఆయనకు చెప్పారు. మన పాత కృష్ణా జిల్లా ఊళ్ల పేర్లు వినగానే నాన్నగారి ముఖం కాస్త తేటపడింది. రెండు సంస్థలకూ దరఖాస్తు రుసుము కట్టారు.

2025 మేలో ఆ రెండు పరీక్షలూ, జేఈఈ అడ్వాన్స్‌డ్ కూడా రాశాను. చెన్నై దరఖాస్తులో ఐఎన్‌ఎంఓ అర్హత గురించి అడిగినచోట "లేదు" అని నింపినప్పుడు చాలా కష్టంగా అనిపించింది. పరీక్ష హాలులో పార్ట్ బి తెరిచాక ఆ భావం పోయింది. పార్ట్ ఏలో అర్హత వస్తేనే దిద్దే ఆ భాగంలో ప్రతి జవాబుకూ కారణాలు పూర్తిగా రాయాలి. నా చుట్టూ జవాబు కనుక్కోగలవారు చాలామంది ఉండి ఉంటారు, నేను జవాబు దొరికాక కూడా పెన్ను దించకుండా, మాస్టారి "ఎందుకు?" ఎక్కడ పడుతుందో వెతుకుతూ రాశాను. ఒక ప్రశ్నలో నా పద్ధతి చివరివరకూ సాగలేదు. ఎక్కడివరకు రుజువైందో, ఏది మిగిలిందో విడిగా రాసి వదిలేశాను.

జూన్‌లో చెన్నై జాబితాలో నా పేరు ఉంది. అడ్వాన్స్‌డ్‌లో వచ్చిన ర్యాంకుకు నేను కోరిన బ్రాంచి రాదని తెలిసింది, దాని గురించి ఇంట్లో ఒక పూట కంటే ఎక్కువ మాట్లాడుకోలేదు. ఫలితం చెప్పడానికి మాస్టారి ఇంటికి వెళితే, పరీక్షలో ఏ ప్రశ్న వదిలేశావని అడిగి, కాగితం తెప్పించారు. ఆ మిగిలిన భాగాన్ని ఇద్దరం ఆ సాయంత్రం పూర్తి చేశాము.