చిన్నాన్న క్యాసెట్ ఫైలుగా మారిన వారం

మిర్యాలగూడ నుంచి చిన్నాన్న తెచ్చిచ్చిన క్యాసెట్ మీద నీలి సిరాతో "ఫుగాజీ, వాషింగ్టన్, 1993" అని మాత్రమే ఉంది. వాషింగ్టన్‌లో చదువుకునే రోజుల్లో ఆయన జనం మధ్య నిలబడి, రికార్డింగ్ వాక్‌మన్‌తో పట్టిన కచేరీ అది. టికెట్ 5 డాలర్లు. ధర పెరగనివ్వకూడదని ఫుగాజీ అనే ఆ అమెరికన్ పంక్ రాక్ బృందం పెట్టుకున్న కట్టుబాటు నాకు వాళ్ళ పాటలంత ఇష్టం. 1987 నుంచి 2002 వరకు వాళ్ళు 1,000కి పైగా కచేరీలు చేశారు. తాము రికార్డు చేసుకున్న 800కి పైగా కచేరీలను 2011 నుంచి డిస్కార్డ్ (Dischord) అనే రికార్డు సంస్థ ద్వారా ఫైళ్ళుగా ఇస్తున్నారు. అయినా చిన్నాన్న నిలబడ్డ చోటు నుంచి వినిపించే కచేరీ ఈ టేపులోనే ఉంది.

నల్లగొండలో మా ఇంటి అటక మీది టేపురికార్డరు దించితే, లోపలి బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. ప్రకాశం బజారులో రేడియోలు బాగుచేసే పెద్దాయన డబ్బాలోని బెల్టులన్నీ గుమ్మరించి, ఒక్కొక్కటీ వేలికి తగిలించి సాగదీసి చూసి నాలుగోది ఇచ్చారు.

క్యాసెట్‌లో టేపును హెడ్‌కు, అంటే రికార్డరులో టేపును చదివే భాగానికి, ఆనించే ఫెల్టు ముక్క ఊడిపోయింది. ఐదు మరలు విప్పి, రెండు చుట్టలనూ పాత భక్తిపాటల క్యాసెట్ డొప్పలోకి మార్చాను. ఊపిరి బిగబట్టి చేసిన పని అది. హెడ్‌ను స్పిరిట్ దూదితో తుడిచి, పక్కనున్న చిన్న మరను కొద్దికొద్దిగా తిప్పాను. దుప్పటి కింద నుంచి వస్తున్నట్టున్న డ్రమ్ముల తాళాల మోత ఒక్కసారిగా విచ్చుకుంది!

ల్యాప్‌టాప్ మైకు రంధ్రం స్టీరియో తీసుకోదు కాబట్టి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్నాను. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్ల రికార్డింగ్, ఒక్కో వైపు 45 నిమిషాలు. 31వ నిమిషంలో కరెంటు పోయింది. మళ్ళీ మొదటి నుంచి.

టేపు బుసను తొలగిద్దామని చూశాను. దానితోపాటు తాళాల పదును, జనం సందడి కూడా పోయాయి. వెంటనే రద్దుచేసి, ధ్వనిలో ఏదీ పోగొట్టని ఫ్లాక్ ఫైలుగా ఉన్నదున్నట్టు దాచాను. ఎంపీ3 అయితే కొంత ధ్వనిని వదిలేస్తుంది, అది ఇక తిరిగిరాదు. ఏ టేపు, ఏ యంత్రం, ఏమేం మార్చాను అన్నది రాసి పక్కనే పెట్టాను. టేపులు పోస్టులో పంచుకున్న అభిమానులు పాటించిన మర్యాద అది. అమ్మకూడదన్నదీ అందులో భాగమే.

రెండో వైపు, పాటకూ పాటకూ మధ్య, చిన్నాన్న గొంతు: "ఒరేయ్, ఎర్ర లైటు వెలుగుతోందా చూడు."

ఫోనులో ఆయనకు వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ పక్కనున్న స్నేహితుడి నంబరు వెతుకుతానన్నారు.