పర్లాకిమిడిలో పాత లేడీస్ సైకిలు ఓవరాయిలింగు: పెయింటు ముట్టకుండా చేసిన పని

సైకిలు హెర్క్యులిస్ లేడీస్ మోడలు, మద్రాసు అంబత్తూరు తయారీ, 1970ల నాటిది. 28 x 1½ చక్రాలు, ముందు 32, వెనక 40 పుల్లలు (స్పోకులు), కడ్డీ బ్రేకులు, నిండు ఛైన్ కవరు, స్ప్రింగుల లెదరు సీటు. ఇంటి లోపలే ఉండిపోయింది కాబట్టి నల్ల పెయింటు, దాని మీది బంగారు గీతలు, హెడ్ ట్యూబు (హ్యాండిలు దూరే ముందు గొట్టం) మీది బొమ్మ చెక్కుచెదరలేదు. మా ఆవిడ రోజూ తొక్కడానికి కావాలి: ఊళ్ళో బజారు పని, వారానికి రెండుమూడు సార్లు పాతపట్నం దాకా. అందుకని ముందే ఒక హద్దు పెట్టుకున్నాను. పెయింటు జోలికి పోకూడదు, ఫ్రేముకు కొత్త చిల్లు పెట్టకూడదు, మార్చిన ప్రతి సామానునూ మళ్ళీ విప్పి పాతది బిగించుకునే వీలుండాలి. పాత సైకిలు దొరకగానే స్ప్రే పెయింటుకు పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫ్యాక్టరీలో కాల్చి ఆరబెట్టిన ఆ ఎనామెల్ గట్టితనం గ్యారేజీ స్ప్రేకు రాదు, చేత్తో గీసిన గీతలు తిరిగి రావు.

విప్పకముందే ఫ్రేము తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి. వెనక చక్రం తీసి, ఒక దారాన్ని వెనక ఇరుసు కూర్చునే చీలిక దగ్గర కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో వైపు చీలికకు లాగి కట్టాలి. రెండు వైపులా దారానికీ సీటు ట్యూబుకూ మధ్య ఎడం కొలవాలి. తేడా 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే బెంగ లేదు. హెడ్ ట్యూబు కింది అతుకు దగ్గర పెయింటు ముడతలు పడి ఉంటే ఎప్పుడో గుద్దుకుందని అర్థం. అలాంటి ఫ్రేము మీద డబ్బు పెట్టవద్దు.

పెయింటుకు సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ, చివర కారు మైనం. అంతే. కిరసనాయిలు, థిన్నరు బంగారు గీతలకు తగిలితే గుడ్డకే అంటుకొచ్చేస్తాయి. రబ్బింగ్ కాంపౌండు అరగదీస్తుంది. ఏది వాడినా ముందు సీటు కింద, కనబడని చోట దూదితో తుడిచి చూడండి. రిమ్ముల మీది చుక్క తుప్పుకు అల్యూమినియం ఫాయిలు ఉండ చేసి, నీళ్ళలో ముంచి రుద్దితే చాలు. ఫాయిలు క్రోము కన్నా మెత్తన, గీతలు పడవు. హ్యాండిలు, బ్రేకు కడ్డీల తుప్పు ఇంకా ముదిరింది కాబట్టి ఆక్సాలిక్ యాసిడ్ వాడాను. లీటరు గోరువెచ్చని నీటికి 20 గ్రాములు, రెండు గంటలు. ఎక్కువసేపు వదిలేస్తే పసుపు పొర కడుతుంది. తీశాక వంటసోడా నీళ్ళలో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయాలి. ఇది విషం, చేతికి గ్లౌజులు తప్పనిసరి, బకెట్టు పిల్లలకు అందకూడదు. జింకు పూత పుల్లలను మాత్రం ఇందులో వేయవద్దు, పూత పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సైకిళ్ళు పాడయ్యేది కాటర్ పిన్నుల దగ్గర. క్రాంకును, అంటే పెడలు బిగించే కడ్డీని, ఇరుసుకు పట్టి ఉంచేది ఆ పిన్నే. సుత్తితో టకటకా పది దెబ్బలు కొడితే పిన్ను రాదు సరికదా, ఆ అదురుకు లోపలి గోళీలు తాము తిరిగే కప్పు మీద గుంటలు పెడతాయి. ఆ తర్వాత ఎంత గ్రీజు పెట్టినా పెడలు గరగరమంటుంది. నేను చేసింది ఇది: పిన్ను రెండు చివర్లా పల్చటి నూనె వేసి రెండు రాత్రులు వదిలేశాను. నట్టును పిన్ను చివరతో సమానంగా వచ్చేదాకా వదులు చేశాను, మరలు చితక్కుండా. క్రాంకు కింద, పిన్ను తల దూరేంత బోలు ఉన్న ఇనుప గొట్టం నేలకు ఆనించి నిలబెట్టాను. దెబ్బ బలం ఇరుసు మీద పడకుండా ఆ గొట్టం గుండా నేలకు పోవాలి. అప్పుడు కిలో సుత్తితో ఒకే ఒక గట్టి దెబ్బ. కుడిది మొదటి దెబ్బకే వచ్చింది. ఎడమది రాలేదు. మళ్ళీ నూనె వేసి, ఇంకో రాత్రి ఆగి కొట్టాను. ఓపిక పట్టడమే ఇక్కడ పని.

కొత్త పిన్నులు కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్ళండి. 9.5 మిల్లీమీటర్ల పిన్ను అడిగితే 9 ఇచ్చేసే అవకాశం ఉంది. అది బిగిసినట్టే ఉండి వారంలో ఊగుతుంది. కొత్త పిన్ను వాలు గరుకుగా ఉంటుంది, ఆకురాయితో సమంగా చదును చేయాలి. రెండు పిన్నులూ ఒకే దిక్కున పెడితే పెడళ్ళు ఒకదానికొకటి ఎదురుగా రావు. గుర్తు ఏమిటంటే, కుడి క్రాంకు ముందుకు చూస్తున్నప్పుడు దాని నట్టు పైకి ఉంటే, ఎడమ క్రాంకును ముందుకు తిప్పినప్పుడు దాని నట్టు కూడా పైకే ఉండాలి. ముందు సుత్తితో దింపి, ఆ తర్వాతే నట్టు బిగించాలి. నట్టుతో పిన్నును లాగబోతే మరలు తెగిపోతాయి.

గోళీలన్నీ కొత్తవి వేశాను. పాతవి మెరుస్తున్నా సరే మార్చాల్సిందే, చవక వస్తువు. పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్‌కు ఒక్కో వైపు పావు అంగుళం గోళీలు 11, వెనక హబ్బుకు (చక్రం నడి గొట్టానికి) ఒక్కో వైపు పావు అంగుళంవి 9, ముందు హబ్బుకు 3/16 అంగుళంవి 10. హ్యాండిల్ కప్పుల్లో 5/32 అంగుళంవి. అక్కడ లెక్క కన్నా సూత్రం మంచిది: కప్పు నిండా పేర్చి ఒకటి తీసేయాలి. కిక్కిరిస్తే ఒకదాన్నొకటి రాసుకుని హ్యాండిలు బిగుసుకుంటుంది. ఛైను వైపు బ్రాకెట్ కప్పుకు ఎడమ మర ఉంటుంది, అంటే విప్పడానికి గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. గుంటలు లేకపోతే దాన్ని కదపవద్దు, లోపలే తుడిచి గ్రీజు పెడితే సరిపోతుంది. ఎడమ పెడలుకూ ఎడమ మరే. హబ్బు గోళీలను అదిమి ఉంచే కోను బిగించేటప్పుడు చక్రం గాలిలో ఉండగా కాస్త ఊగినట్టుండి, ఇరుసు నట్లు బిగించాక ఆ ఊగు పోవాలి. ముందే బిగుతుగా పెడితే నట్టు బిగించగానే కోను నలుగుతుంది.

ఇక గేరు. అసలు 44 పళ్ళ ఛైను చక్రానికి వెనక 18 పళ్ళ ఫ్రీవీలు (వెనక్కి తొక్కితే ఖాళీగా తిరిగే పళ్ళ చక్రం) ఉంది. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 5.4 మీటర్లు పోతుంది. ఖాళీ సైకిలుకు బాగానే ఉంటుంది. క్యారియరు మీద బియ్యం సంచి పెట్టుకుని, ఎదురుగాలిలో వంతెన ఎక్కాలంటే మోకాళ్ళ మీద పడుతుంది. మొదట మూడు గేర్లు లోపలే ఉండే స్టర్మీ-ఆర్చర్ కంపెనీ హబ్బు వేద్దామనుకున్నాను. 0.75, 1, 1.33 నిష్పత్తులు అచ్చంగా ఇలాంటి బండికే సరిపోతాయి. కానీ ఇప్పుడు మామూలుగా దొరికే ఆ హబ్బుకు 36 చిల్లులు, నా వెనక రిమ్ముకు 40. రిమ్ము మార్చాలి, కడ్డీ బ్రేకుకు పనికొచ్చే రిమ్ములో 36 చిల్లులది వెతకాలి. వద్దనుకుని 22 పళ్ళ ఫ్రీవీలు వేశాను. ఇప్పుడు ఒక చుట్టుకు దాదాపు 4.5 మీటర్లు. ఊళ్ళో సమంగా ఉండే రోడ్డుకు కాస్త ఎక్కువ తొక్కాలి, బరువుతో మాత్రం హాయి. రోజూ ఆర్.ఉదయగిరి వైపు కొండ రోడ్డు ఎక్కేవాళ్ళకు ఇది చాలదు, గేర్ల హబ్బు కోసం కష్టపడాల్సిందే.

నాలుగు పళ్ళు పెంచడం చెప్పినంత సులువు కాదు. పాత ఫ్రీవీలు గాడి విరిగిపోయి ఉంది, రిమూవరు పట్టదు. అప్పుడు పై పళ్ళెం పంచితో కొట్టి విప్పాలి. దానికి కూడా ఎడమ మరే, గడియారం ముల్లు తిరిగే వైపు కొట్టాలి. సన్న గోళీలు చాలా రాలతాయి, కింద గుడ్డ పరుచుకోండి. మిగిలిన లోపలి ముక్కను గట్టి వైసులో బిగించి చక్రాన్నే తిప్పాను. పుల్లలు కట్టి ఉన్న చక్రానికే ఇది సాధ్యం. పుల్లలు కోసేసి, ఆ తర్వాత ఫ్రీవీలు గుర్తుకొస్తే వట్టి హబ్బును తిప్పడానికి పట్టు దొరకదు. కొత్తది ఎక్కించేముందు మరలకు గ్రీజు రాయాలి. 22 పళ్ళ చక్రం అడ్డకొలత 18 పళ్ళదానికన్నా 16 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే ఛైన్ కవరు లోపల ఒక్కో వైపు 8 మిల్లీమీటర్లు సందు తగ్గుతుంది. నా కవరు వెనక మూతకు తగిలింది. మూత బిగింపు దగ్గర రెండు వాషర్లు వేస్తే సరిపోయింది. ఛైను అదే పొడవు ఉంచితే చక్రం అర అంగుళం ముందుకు జరగాలి. జరిగితే వెనక బ్రేకు రబ్బర్లు రిమ్ము మీద కూర్చునే చోటు మారిపోతుంది. అందుకే ఛైను ఒక జత లింకులు పెంచి వేశాను, చక్రం తన పాత చోటనే ఉంది. ఎలాగూ పాత ఛైను సాగిపోయింది: 24 లింకులు 305 మిల్లీమీటర్లు ఉండాలి, 307 దాటితే కొత్త పళ్ళను కూడా తినేస్తుంది.

కడ్డీ బ్రేకులను తీసేసి కేబులు బ్రేకులు వేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఈ రిమ్ముకు పక్కలు గుండ్రంగా ఉంటాయి, కేబులు బ్రేకు రబ్బరుకు ఆనిక దొరకదు. కడ్డీ బ్రేకు రిమ్మును లోపలి వైపు నుంచి, పుల్లలకు అటూ ఇటూ ఒత్తుతుంది. దాన్ని సరిగా అమర్చితే పట్టు బాగానే ఉంటుంది. మొదట చక్రాల ఔటు (వంకర) తీయాలి. 1 మిల్లీమీటరు కన్నా ఎక్కువ ఎగుడుదిగుడు ఉంటే బ్రేకు పట్టి వదులుతూ ఉంటుంది. రబ్బర్లు కొత్తవి, రిమ్ముకు 3 మిల్లీమీటర్ల ఎడం, రెండు వైపులా ఒకేసారి తగలాలి. కడ్డీల కీళ్ళలో ఒక్కో చుక్క నూనె, రిమ్ము మీద మాత్రం చుక్క కూడా పడకూడదు. ఫోర్కు మీది గైడు క్లిప్పు వదులైతే బ్రేకు బద్ద పుల్లల్లోకి పోతుంది, బండి మీదివాళ్ళు ముందుకు పడతారు. ఆ రెండు స్క్రూలకూ స్ప్రింగు వాషర్లు వేశాను. వానలో క్రోము రిమ్ము పట్టు సగానికి పైగా తగ్గుతుంది, అది ఏ రబ్బరుతోనూ పోదు. ఆగాల్సిన చోటుకు చాలా ముందే మెల్లగా పట్టి నీళ్ళు తుడుచుకోనివ్వాలి.

హ్యాండిలు ఎత్తు మార్చాక బ్రేకు మళ్ళీ సరిచేయకపోతే ప్రమాదం, ఎందుకంటే ముందు కడ్డీ హ్యాండిలుతోపాటే కదులుతుంది. హ్యాండిలు కాండం కనీసం రెండున్నర అంగుళాలు ఫోర్కు లోపల ఉండాలి. సీటు ఎత్తుకు, మడమ పెడలు మీద పెట్టినప్పుడు కాలు తిన్నగా రావడం కొలత. మా ఆవిడకు ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలి కాబట్టి అంతకన్నా అంగుళంన్నర దించాను. లెదరు సీటుకు నూనె పట్టించకూడదు, సాగి మధ్యలో పల్లమవుతుంది. తేనెమైనం కలిసిన పాలిష్ పల్చగా రాసి, ముక్కు కింది నట్టు అర చుట్టు మాత్రమే బిగించాను.

డైనమో 6 వోల్టులు, 3 వాట్లు. దాని ఇరుసు గీత పొడిగిస్తే చక్రం నడిబొడ్డుకు చేరాలి; వంకరగా పెడితే టైరు పక్క అరిగి, తొక్కడం బరువవుతుంది. పాత పద్ధతిలో తిరుగు కరెంటు ఫ్రేము గుండా పోతుంది, దానికోసం పెయింటు గీకాలి. నేను గీకలేదు, రెండో తీగ వేశాను. డైనమోది ఏసీ కరెంటు కాబట్టి రెక్టిఫయరు ఉన్న ఎల్ఈడీ దీపమే కొనాలి. పాత బల్బులతో నడిపేవాళ్ళు ఒకటి గమనించండి: వెనక బల్బు పోతే కరెంటంతా ముందు బల్బుకే పోయి అదీ మాడిపోతుంది.

వెనక చక్రానికి చీర చిక్కకుండా వల ఉండేది, దారాలు చివికిపోయాయి. మడ్‌గార్డు అంచు చిల్లులు అలాగే ఉన్నాయి, నైలాను దారంతో ఇరుసు దాకా మళ్ళీ అల్లించాను. చున్నీకీ చీర కుచ్చిళ్ళకూ ఇది అలంకారం కాదు, రక్షణ.

50 కిలోమీటర్లు తొక్కాక కాటర్ నట్లు, ఇరుసు నట్లు, పుల్లలు మళ్ళీ చూశాను. ఎడమ కాటరు పావు చుట్టు తీసుకుంది. జూన్ రాకముందే సీటు గొట్టం తీసి, లోపల అవిసె నూనె పోసి ఫ్రేమును అటూ ఇటూ తిప్పి, తలకిందులుగా రెండు రోజులు వదిలేశాను. ఇక్కడి వానకు ఫ్రేము తుప్పు పట్టడం లోపలి నుంచే మొదలవుతుంది. హబ్బు నూనె చిల్లు మీది క్లిప్పు జరిపి నెలకు నాలుగు చుక్కల నూనె. తీసేసిన 18 పళ్ళ ఫ్రీవీలు ముక్కలు, పాత కాటర్లు, ఛైను ఒక డబ్బాలో పేరు రాసి దాచాను.