ఇటుకకు తెల్లవైపు

ఫోన్సవన్ వెళ్లింది రాతి జాడీలు చూడ్డానికే. లావోస్ ఉత్తరాన షియెంగ్ ఖువాంగ్ రాష్ట్రంలో, పచ్చిక మైదానాల మీద ఇనుప యుగం నాటి జాడీలు వందల కొద్దీ పడున్నాయి. కొన్ని మనిషి కన్నా ఎత్తు. 2019లో యునెస్కో జాబితాకెక్కాయి. వాటి గురించి బోలెడు చదువుకుని వెళ్లాను. తీరా వెళ్లాక జాడీల కన్నా నేలనే ఎక్కువ చూశాను.

కారణం, దారి పక్కన పాతిన చిన్న చిన్న ఇటుకలు. సగం తెలుపు, సగం ఎరుపు. "తెల్లరంగు ఉన్నవైపే నడవండి" అన్నాడు గైడు. అటువైపు భూమి లోపల కూడా వెతికి బాంబులు తీసేశారట. ఎర్రవైపు పైపైన చూసి వదిలేశారు. ఆ మాట చెప్పేసి అతను తాపీగా నడిచిపోయాడు. నేను పెద్ద జాడీ మొత్తం ఫొటోలో పట్టడం లేదని రెండడుగులు వెనక్కి వేయబోయి, ఉన్నచోటే ఆగిపోయాను. ఫొటో సగమే వచ్చింది.

జాడీల మధ్యే బాంబులు పడ్డ గుంతలున్నాయి, ఇప్పుడు గడ్డి మొలిచి. 1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు ఈ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. ఎక్కువ ప్రమాదం పెద్ద బాంబులతో కాదు, క్లస్టర్ బాంబులతో. పై తొడుగు గాల్లోనే విడిపోయి, లోపలున్న వందల చిన్న బాంబులు ఊళ్ల మీదా పొలాల మీదా చెల్లాచెదురవుతాయి. వాటిని ఇక్కడ 'బాంబీ' అంటారు. ఆ తొమ్మిదేళ్లలో పడ్డ బాంబీలు 27 కోట్లని లెక్క. అందులో దాదాపు 30 శాతం పేలలేదని అంచనా. అంటే సుమారు ఎనిమిది కోట్లు!

ఫోన్సవన్‌లో మందు తీసేసిన బాంబీని దగ్గర నుంచి చూశాను. టెన్నిస్ బంతంత ఉంది. పిల్లలు ఎందుకు తీసుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లకు మరో రకం గండం: పారతో తవ్వితే తగలొచ్చు, లేదా చలిమంట వేసుకున్న చోటే అడుగున ఉండొచ్చు. కింద వేడెక్కితే చాలు.

మధ్యాహ్నం గైడు నాపియా అనే ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ యుద్ధకాలం నాటి అల్యూమినియం కరిగించి చెంచాలు పోస్తారు. అచ్చులో పోసి, కాసేపాగి తెరిస్తే చెంచా. ఎంత తేలికో! కొందామని చెయ్యి చాపి తటపటాయించాను. ఇలాంటివి కొంటే తుక్కు కోసం జనం ఎర్రవైపుకి వెళ్తారని కొందరంటారు. కొనకపోతే ఈ ఇంటికి ఆ కాస్త రాబడీ పోతుంది. చివరికి ఒకటి కొన్నాను. సరైన పనే చేశానని ఇప్పటికీ అనుకోలేను.

తిరిగొస్తుంటే రోడ్డు మీద మా వ్యాన్‌ని ఆపేశారు. పక్క పొలంలో బాంబు దొరికింది, పేల్చబోతున్నారు. వాటిని సాధారణంగా కదిలించరు, దొరికిన చోటే మందు పెట్టి పేల్చేస్తారు. మైకులో లావో భాషలో హెచ్చరిక వినిపిస్తోంది. నాకు టెన్షన్. మా పక్కన మోటార్‌సైకిల్ ఆపిన అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. ధన్‌మని శబ్దం, మట్టి లేచింది. ఆమె బండి స్టార్ట్ చేసింది.

మాకింకా సైగ రాలేదు. తాళ్లు కట్టి విడగొట్టిన వరుసల్లోకి సిబ్బంది మళ్లీ వెళ్తున్నారు, చాలామంది ఆడవాళ్లే. లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ కూసిన ప్రతిచోటా మోకాళ్ల మీద కూర్చుని, చిన్న తాపీతో పక్కనుంచి మట్టి గీకాలి. ఎక్కువసార్లు దొరికేది మేకో, ఇనుప ముక్కో. అయినా ప్రతి కూతనీ బాంబీ అనుకునే తవ్వాలి. ఈ దేశంలో యూఎక్స్ఓ లావో (యూఎక్స్ఓ అంటే పేలకుండా మిగిలిన బాంబులు) అనే సంస్థ 1996 నుంచి ఇదే పని చేస్తోంది.

వ్యాన్ కదిలేసరికి ఒకామె లేచి, తవ్వి తీసిన తుప్పు మేకుని పక్కనున్న బకెట్లో వేసింది. బకెట్ సగం నిండి ఉంది.